బొమ్మ చిన్నదైతే వెలుగు లెక్క మారుతుంది: ఇంట్లో తీసే బొమ్మల ఫోటోలు ఎందుకు చప్పగా వస్తాయి?

దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టినప్పుడల్లా నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో ఒకటే ఫిర్యాదు. కొలువులో కళ్ళకి అంత ముద్దుగా కనిపించిన బొమ్మ ఫోటోలోకి వచ్చేసరికి కళ తప్పుతుంది. మూపురం, గంగడోలు విడివిడిగా తెలిసే మట్టి గిత్త తెల్లటి ముద్దలా వస్తుంది. ఇత్తడి నంది వీపు మీద ట్యూబ్‌లైటు ఒక గీతలా పడి, మిగతాదంతా నల్లబడుతుంది. బొమ్మలు చేసి ఫోన్లోనే ఆర్డర్లు తీసుకునేవాళ్ళకి ఇది ఇంకా పెద్ద టెన్షన్. కొనేవాళ్ళు చూసేది ఫోటోనే కదా. అడిగితే వచ్చే సలహా కూడా ఎప్పుడూ ఒకటే: "లైటు చాల్లేదు, రింగ్ లైట్ కొనుక్కో." కొన్న తర్వాత వెలుగు పెరుగుతుంది కానీ బొమ్మ చప్పదనం పోదు.

కదలని చిన్న వస్తువు విషయంలో వెలుగు ఎంత ఉందన్నది అన్నిటికంటే చివర రావాల్సిన ప్రశ్న. బొమ్మ ఉన్నచోటి నుంచి చూస్తే ఆ దీపం ఎంత పెద్దగా కనిపిస్తుంది, ఏ వైపు నుంచి వస్తోంది, బొమ్మ ఒంటి మీది పూత ఆ వెలుగుని ఏం చేస్తోంది అన్న మూడే ఫోటోని నిలబెడతాయి. మనం షాపులో కొనే లైట్ల డబ్బాల మీద మాత్రం వాట్లే పెద్దక్షరాల్లో ఉంటాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

వెలుగు చాలకపోవడం అంటే ఏమిటి

కెమెరాలోని సెన్సర్ మీద కొంతసేపు పడిన వెలుగే ఫోటో. వస్తువు మీద ఎంత వెలుగు పడుతోంది, లెన్సు లోపలి రంధ్రం ఎంత తెరిచి ఉంది, ఎంతసేపు తెరిచి ఉంది అన్న మూడూ కలిసి ఫోటో ఎంత కాంతిగా వస్తుందో తేలుస్తాయి. ఆ రంధ్రాన్ని అపర్చర్ అంటారు. దాన్ని కొలిచే ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎంతసేపు తెరిచి ఉందన్నది షట్టర్ స్పీడ్. ఐఎస్‌ఓ అనే నాలుగో అంకె కూడా ఒకటుంది. అది వెలుగుని పెంచదు, వచ్చినదాన్ని పెంచి చూపిస్తుంది. బాగా పెంచితే ఫోటో నిండా గరుకు గరుకు చుక్కలు వస్తాయి.

పరిగెత్తే పిల్లాడిని తీయాలంటే షట్టర్ సెకనులో 500వ వంతులో మూసుకోవాలి, అందుకు బోలెడు వెలుగు కావాలి. మట్టి గిత్త కదలదు. షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉన్నా అది అలాగే నిలబడుతుంది. కదిలేది మన చెయ్యి. ఫోను ట్రైపాడ్ మీద ఉండి, టైమర్ పెట్టి తీస్తే మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కూడా సరిపోతుంది. చేత్తో పట్టుకుని తీసినప్పుడు ఫోటో అలికినట్టు రావడం, దానికి మందుగా ఇంకో లైటు కొనడం చాలా ఇళ్ళలో జరిగేదే. అక్కడ అవసరమైంది స్టాండు.

ఫోకస్ వల్ల కూడా వెలుగు ఖర్చవుతుంది. వస్తువుకి ఎంత దగ్గరగా వెళితే స్పష్టంగా కనిపించే లోతు అంత తగ్గుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాని, అంటే పెద్ద సెన్సర్ ఉన్నదాన్ని, నిలువుగా తిప్పి, 10 సెం.మీ. బొమ్మ ఫ్రేములో మూడింట రెండు వంతులు నిండేలా తీశామనుకుందాం. ఎఫ్/2.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. గిత్త ముట్టె మీద ఫోకస్ పెడితే కొమ్ములు మసకబారతాయి. ఎఫ్/8 దగ్గర ఆ లోతు సుమారు ఒక సెంటీమీటరు అవుతుంది. అయితే ఎఫ్/2.8 నుంచి ఎఫ్/8కి వెళ్ళేసరికి లోపలికి వచ్చే వెలుగు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంతకుముందు 1/60 సెకను చాలినచోట ఇప్పుడు దాదాపు 1/8 సెకను కావాలి. చేతిలో పట్టుకుంటే ఇది కష్టం, ట్రైపాడ్ మీద మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఫోన్ల సెన్సర్ చాలా చిన్నది కాబట్టి వాటికి ఈ లోతు సహజంగానే ఎక్కువ దొరుకుతుంది. బొమ్మల ఫోటోల్లో ఖరీదైన కెమెరా కంటే ఫోనుకి నిజంగా కలిసొచ్చే చోటు ఇది.

బొమ్మ వైపు నుంచి చూస్తే దీపం ఎంత పెద్దది

నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటే హార్డ్ లైట్ అంటారు, మెల్లగా కరిగిపోతే సాఫ్ట్ లైట్ అంటారు. ఈ తేడా దీపం బలం వల్ల వచ్చేది కాదు. వస్తువు దగ్గర నిలబడి చూస్తే ఆ దీపం ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్న దాన్ని బట్టి వస్తుంది.

సూర్యుడినే తీసుకోండి. అడ్డంగా 13.9 లక్షల కిలోమీటర్లు. కానీ ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మన కంటికి అర డిగ్రీ మేరే కనిపిస్తాడు, అంటే ఒక సెంటీమీటరు చొక్కా గుండీని మీటరు పైచిలుకు దూరంలో పట్టుకుంటే ఎంతో అంత. అందుకే మే నెల ఎండలో నీడలు అంత పదునుగా ఉంటాయి. మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపమైపోతుంది, నీడలు కరిగిపోతాయి.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. 10 సెం.మీ. ఎత్తున్న గిత్త బొమ్మ పక్కన, 20 సెం.మీ. దూరంలో, ఒక ఏ4 సైజు ట్రేసింగ్ పేపర్ నిలబెట్టి దాని వెనక టేబుల్ ల్యాంప్ వెలిగించారనుకోండి. ల్యాంపు కాస్త వెనక్కి ఉండి వెలుగు కాగితమంతా పరుచుకుంటే, ఇప్పుడు గిత్తకి దీపం బల్బు కాదు, ఆ కాగితం. 21 సెం.మీ. వెడల్పు, దాదాపు 30 సెం.మీ. ఎత్తు. అసలు ఒంగోలు గిత్త సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తుంటుంది, అంటే బొమ్మకి పదిహేను రెట్లు. నిజం గిత్త మీద అంతే మెత్తటి వెలుగు పడాలంటే మూడు మీటర్లకి పైగా వెడల్పు, నాలుగున్నర మీటర్ల ఎత్తున్న తెరని మూడు మీటర్ల దూరంలో కట్టాలి. సినిమా షూటింగుల్లో కట్టేంత తెర. బొమ్మకైతే ఆ పని ఒక కాగితంతో అయిపోతోంది. చిన్న బొమ్మలతో ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఇంతకంటే పెద్ద వరం లేదు, దీన్ని వాడుకునేవాళ్ళే తక్కువ.

అదే కాగితాన్ని రెండు మీటర్ల దూరంలో పెడితే కాగితం మారకపోయినా బొమ్మకి అది చిన్నగా కనిపిస్తుంది, నీడ మళ్ళీ గట్టిపడుతుంది. బల్బుకి ఆనించి కాగితం చుట్టినా ఫలితం ఉండదు, దీపం సైజు పెరగలేదు కాబట్టి.

దీపాన్ని జరిపితే వెనక గోడ ఎందుకు మారుతుంది

బల్బు లాంటి చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. ఇది పుస్తకాల్లోని సూత్రంలా అనిపిస్తుంది గానీ, టేబుల్ మీద కళ్ళకి కనిపించే విషయం.

బొమ్మకి 40 సెం.మీ. వెనక తెల్ల గోడ ఉంది. ల్యాంపు బొమ్మకి ముందు వైపు 20 సెం.మీ. దూరంలో ఉంది. గోడకి ల్యాంపు 60 సెం.మీ. దూరం, అంటే మూడు రెట్లు. బొమ్మ మీద పడే వెలుగులో తొమ్మిదో వంతే గోడకి చేరుతుంది. తెల్ల గోడ ఫోటోలో ముదురు బూడిద రంగుకి దిగిపోతుంది. అదే ల్యాంపుని మీటరు దూరానికి జరిపితే గోడకి 1.4 మీటర్లు. ఇప్పుడు బొమ్మ మీద పడేదాంట్లో సగం గోడ మీద కూడా పడుతుంది, గోడ తెల్లగానే ఉంటుంది. గోడకి రంగు వేయకుండా, గుడ్డ కట్టకుండా నేపథ్యం మారిపోయింది.

దీపం మరీ దగ్గరైతే ఈ లెక్కే బొమ్మ మీద కూడా పనిచేస్తుంది. గిత్త తలకి 10 సెం.మీ. దగ్గర బల్బు ఉండి, తోక ఇంకో 12 సెం.మీ. అవతల ఉంటే తోక మీద పడేది తల మీద పడేదాంట్లో అయిదో వంతే. తల వెలిసిపోయినట్టు, తోక చీకట్లో ఉన్నట్టు వస్తుంది. అరమీటరు దూరం నుంచైతే తేడా మూడో వంతు మాత్రమే. కిటికీ లాంటి పెద్ద వెలుగుకి దగ్గరగా ఉన్నప్పుడు ఈ సూత్రం ఇంత కచ్చితంగా నడవదు, తగ్గుదల ఇంకా నెమ్మదిగా ఉంటుంది.

ముందు నుంచా, పక్క నుంచా

ఇప్పుడు అమ్మే రింగ్ లైట్లు ఎక్కువగా మనుషుల ముఖాల కోసమే. రింగ్ లైట్ లెన్సు చుట్టూ ఉంటుంది కాబట్టి నీడలన్నీ వస్తువు వెనక్కి పోయి దాక్కుంటాయి. ముఖం మీది ముడతలు కనపడకూడదనుకుంటే అది మంచిదే. బొమ్మకి కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. చెక్కినవాడి ఉలి జాడ, మట్టి పిసికినవాడి వేలి గుర్తు, గంగడోలు మడతలు, ఇవన్నీ కనిపించేది నీడల వల్లే. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు లేవు.

దీపాన్ని కెమెరా పక్క నుంచి మెల్లగా తిప్పుకుంటూ బొమ్మ పక్కకి తీసుకెళ్ళి చూస్తే సంగతి తెలుస్తుంది. ముందు మూపురం వీపులో కలిసిపోయి ఉంటుంది. దీపం 45 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మూపురం అవతలి వాలు మీద సన్నటి నీడ మొదలవుతుంది. 90 డిగ్రీల దగ్గర ఆ నీడ మూపురం మీద నుంచి దిగి, డొక్క మీదుగా పాకి, కాళ్ళ మధ్య చీకటి చేస్తుంది. గంగడోలులో ప్రతి మడతకీ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు వస్తాయి. ఇంకా వెనక్కి తిప్పితే ముఖం చీకట్లోకి పోయి కొమ్ముల చుట్టూ వెలుగు గీత మాత్రం మిగులుతుంది. బొమ్మ కదల్లేదు, బల్బు మారలేదు.

నీడ వైపు మరీ నల్లబడితే ఏం చేయాలన్నది ఫోటోగ్రఫీ అంత పాత ప్రశ్న. తొలి ఫోటోగ్రాఫర్లకి శిల్పాలంటే ఎందుకు ఇష్టమో ఊహించొచ్చు. నిమిషాల తరబడి కదలవు, తెల్ల ప్లాస్టర్‌వైతే వెలుగుని బాగా వెనక్కి పంపుతాయి. ఫ్రాన్సులో డాగేర్ 1837లోనే ప్లాస్టర్ బొమ్మలు పేర్చి ఫోటో తీశాడు. ఇంగ్లండులో టాల్బట్ 1840ల్లో గ్రీకు పురాణ వీరుడు ప్యాట్రోక్లస్ శిరోశిల్పాన్ని తీస్తూ, ఎండలో కంటే మబ్బు పట్టినప్పుడే శిల్పాలు బాగా వస్తాయని, ఎండలో తీయాల్సి వస్తే నీడ వైపు కాస్త దూరంలో తెల్లగుడ్డ పట్టుకుంటే చీకట్లో పోయే భాగాలు తేలతాయని రాశాడు. ఈరోజు రిఫ్లెక్టర్ పేరుతో అమ్మేది చేసే పని ఇదే. మన ఇంట్లో తెల్ల పంచె, థర్మకోల్ ముక్క ఆ పని చేస్తాయి. నల్ల చార్టు పెడితే ఉల్టా జరుగుతుంది: గోడల నుంచి వచ్చే వెలుగుని అది మింగేసి నీడని ఇంకా చిక్కగా చేస్తుంది. తెల్ల గోడల చిన్న గదిలో నీడలే రావడం లేదని బాధపడేవాళ్ళకి తరచు కావాల్సింది ఈ నల్ల చార్టే.

ఉత్తరం కిటికీ సలహా నెల్లూరుకి సరిపోతుందా

"ఉత్తరం వైపు కిటికీ దగ్గర తీయండి, నేరుగా ఎండ పడదు" అన్న సలహా ప్రతిచోటా వినిపిస్తుంది. ఇది యూరపు చిత్రకారుల స్టూడియోల నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. మన సంగతి వేరు.

నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 మీద. కర్కాటక రేఖకి బాగా దక్షిణాన ఉన్నాం కాబట్టి, దాదాపు ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ఉదయం, సాయంత్రం అయితే మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా ఈశాన్యం వైపు పొడిచి, వాయవ్యం వైపు కుంగుతాడు. ఆ నెలల్లో ఉత్తరం కిటికీలోంచి పొద్దున్నా సాయంత్రం ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది. నడి మధ్యాహ్నం ఉత్తరానికి ఉన్నా దాదాపు నెత్తి మీదే ఉంటాడు కాబట్టి కిటికీ మీది సజ్జ అడ్డుకుంటుంది. అంటే ఎండాకాలంలో ఉత్తరం కిటికీ నమ్మకంగా పనిచేసేది మధ్యాహ్నం పూట.

సంక్రాంతి కొలువు నాటికి పరిస్థితి తిరగబడుతుంది. జనవరి మధ్యలో నెల్లూరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 54 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు, అదీ దక్షిణం వైపు. ఉత్తరం కిటికీకి రోజంతా ఎండ తగలదు, ఆ సలహా అప్పుడు అక్షరాలా నిజం. దక్షిణం కిటికీలో మాత్రం ఎండ గది లోపలి దాకా వస్తుంది. కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టేస్తే ఆ ఎండే కిటికీ అంత పెద్ద మెత్తటి దీపంగా మారుతుంది, బలం కూడా ఉత్తరం కిటికీ కంటే ఎక్కువ. దసరా కొలువు సంగతి మళ్ళీ వేరు. ఈ తీరంలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలకి. మబ్బు పట్టిన రోజున ఏ దిక్కు కిటికీ అయినా ఒకటే.

పూత మారితే పాఠం మారుతుంది

ఇంతవరకు చెప్పిందంతా మట్టి బొమ్మకి చక్కగా సరిపోతుంది. కాల్చిన మట్టి మీద పడిన వెలుగు అన్ని వైపులకీ చెదిరిపోతుంది. ఎటు నుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మ కూడా, మీద వేసింది మెరవని రంగైతే, ఇలాగే ఉంటుంది. ఎనామిల్ రంగైతే కథ మారుతుంది.

లక్క పూత ఉన్న ఏటికొప్పాక బొమ్మ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. లోపలి రంగు వెలుగుని చెదరగొడుతుంది, పైనున్న నున్నటి పూత అద్దంలా పనిచేస్తుంది. అద్దానికి ఒకటే నియమం: వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో అటువైపు వెళుతుంది. ఆ దారిలో కెమెరా ఉంటే తెల్లటి మెరుపు కనిపిస్తుంది, లేకపోతే కనిపించదు. లక్క బొమ్మ గుండ్రంగా ఉంటుంది కాబట్టి దీపాన్ని ఎక్కడ పెట్టినా దాని ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఆ కోణం కుదిరి తీరుతుంది. మెరుపుని పూర్తిగా తీసేయడం కష్టం, దాని ఆకారాన్ని మాత్రం మనం నిర్ణయించవచ్చు. రింగ్ లైట్ పెడితే బొమ్మ బుగ్గ మీద తెల్ల చక్రం. ట్రేసింగ్ పేపర్ పెడితే మెత్తటి నలుచదరం. కిటికీ పెడితే ఊచలతో సహా కిటికీ.

లెన్సుకి తొడిగే పోలరైజర్ ఫిల్టర్ లక్క, గాజు, పెయింట్ మీది ఇలాంటి మెరుపుని కొన్ని కోణాల్లో బాగా తగ్గిస్తుంది. ఇత్తడి మీద దాదాపు పనిచేయదు. లోహం మీద తగిలి వచ్చే వెలుగు ఆ ఫిల్టర్ పట్టుకోగలిగే తీరులో మారదు. దీపానికే పోలరైజర్ షీటు కట్టి, లెన్సుకి ఇంకోటి అడ్డంగా తిప్పితే ఇత్తడి మెరుపు కూడా తగ్గుతుంది, కానీ ఇత్తడికి మెరుపు పోతే మిగిలేదేముంది?

ఇత్తడి నంది గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తడబడేది అక్కడే. తోమిన ఇత్తడికి తనదంటూ చెదిరే రంగు దాదాపు లేదు. మనం చూసేది నందిని కాదు, నంది ఒంట్లో ప్రతిఫలించే గదిని. గదిలో ఒకే ట్యూబ్‌లైటు ఉండి మిగతాది చీకటైతే నంది మీద ఒక తెల్ల గీత, మిగతాది నలుపు. ఇంకో ట్యూబ్‌లైటు వేస్తే ఇంకో గీత వస్తుంది, అంతే. ఇత్తడికి కావాల్సింది చూడటానికి ఏదైనా పెద్ద తెల్లటిది. ఒక వైపు తెల్ల కాగితం నిలబెట్టి, దాని మీద వెలుగు వేస్తే నంది ఆ పక్కంతా పసుపు రంగులో నిండుతుంది. ఆ కాగితం అంచు దగ్గర నల్ల చార్టు సన్నటి పట్టీ పెడితే ఆ నలుపు కూడా ప్రతిఫలించి మెడ వంపుకి ఒక గీత గీస్తుంది. లోహపు వస్తువులు తీసేవాళ్ళు ఎక్కువ సేపు సర్దేది దీపాన్ని కాదు, దాని చుట్టూ ఉన్న తెలుపూ నలుపూ.

బొమ్మ కింద పరిచేదానికీ ఇదే సూత్రం. మన దగ్గర రెండు నల్ల రాళ్ళు తేలిగ్గా దొరుకుతాయి: చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క, మార్కాపురం పలక. రెండూ నలుపే, ఫోటోలో ఒకదానికొకటి పోలికే ఉండదు. పాలిష్ చేసిన గ్రానైట్ అద్దం. గిత్త కాళ్ళ కింద ఇంకో గిత్త తలకిందులుగా కనిపిస్తుంది, చూడటానికి బాగుంటుంది. కానీ వెనక తెల్ల గోడ ఉంటే ఆ గోడ కూడా రాయిలో కనిపించి నల్ల రాయి బూడిద రంగులోకి వస్తుంది. గ్రానైట్ నల్లగా ఉండాలంటే దానికి వెనక నల్లటిదేదో ఉండాలి. పైగా చీమకుర్తి రాయిలోని బంగారు చుక్కలు బొమ్మ పక్కన పెద్దగా కనిపించి బొమ్మ ఎంత చిన్నదో చెప్పేస్తాయి. పలకది గరుకు ఒళ్ళు, ప్రతిబింబం ఉండదు, వెనక గోడతో దానికి పనిలేదు. మట్టి బొమ్మలకి నాకు పలకే ఇష్టం.

తెల్ల గిత్త బూడిద రంగులోకి ఎందుకు మారుతుంది

కెమెరాకి తాను చూస్తున్నది తెలుపో నలుపో తెలియదు. ఫ్రేములో ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగు అనుకుని వెలుగు లెక్క కడుతుంది. తెల్ల గోడ ముందు తెల్ల గిత్తని పెడితే అంతా మరీ వెలుగుగా ఉందనుకుని తగ్గిస్తుంది, గిత్త మాసిపోతుంది. అదే గిత్తని మార్కాపురం పలక మీద పెడితే ఫ్రేమంతా నలుపే కనిపించి కెమెరా వెలుగు పెంచుతుంది, గిత్త వెలిసిపోతుంది. మొదటి సందర్భంలో ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి తీసుకునే వెలుగు, పెంచాలి, రెండోదాంట్లో తగ్గించాలి. బొమ్మ ఒకటే అయినా సవరణ దిశ మారుతుంది. అందుకే ఒకరికి పనిచేసిన సెట్టింగ్ ఇంకొకరికి పనిచేయదు. ఇప్పటి ఫోన్లు దృశ్యాన్ని కొంత గుర్తుపట్టి సర్దుకుంటాయి గానీ ఈ గుణం పూర్తిగా పోలేదు.

రంగు విషయంలో వచ్చే చిక్కు ఎక్కువగా దీపాలు కలవడం వల్ల. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెబుతారు. నూనె దీపం సుమారు 1900, పాత పసుపు బల్బు 2700, మన ఇళ్ళలోని తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు చాలావరకు 6500. అంకె పెరిగేకొద్దీ నీలం వైపు జరుగుతుంది. ఏదో ఒకటే దీపం ఉంటే కెమెరా దాన్ని తెలుపుగా సర్దుకుంటుంది. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క పసుపు బల్బు ఉంటే ఒకటి సర్దితే రెండోది చెడుతుంది. గదిలో లైటు ఆర్పేయడమే తేలిక. కొలువులో వెలిగే దీపం మాత్రం వేరు. దాని నారింజ రంగు తప్పు కాదు, దాన్ని తెల్లగా సర్దేస్తేనే తప్పు. అమ్మే బొమ్మకి రంగు ఉన్నదున్నట్టు కనిపించాలి, కొలువు ఫోటోకి పండగ కనిపించాలి.

సీఆర్‌ఐ అని ఇంకో అంకె లైట్ల డబ్బాల మీద ఉంటుంది. ఆ దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది. మామూలు ఇంటి ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి. ఈ అంకెని లెక్కగట్టేది ఎనిమిది లేత రంగుల సగటుతో, ముదురు ఎరుపు అందులో లేదు. ఎరుపు కోసం ఆర్9 అనే విడి అంకె ఉంది. లక్క బొమ్మల ఎరుపు, కుంకుమ ఎరుపు కొన్ని లైట్ల కింద గోధుమ రంగులోకి జారడానికి ఇదే కారణం. కిటికీ వెలుగుకి ఈ బాధ లేదు.

లైట్ బాక్సా, ఒక్క దీపమా

ఇక్కడ రెండు వర్గాలున్నాయి, ఇద్దరి దగ్గరా బలమైన మాటే ఉంది.

ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు లైట్ బాక్స్ వైపు. నాలుగు పక్కలా తెల్లగుడ్డ, లోపల ఎల్‌ఈడీ పట్టీలు. ఏ బొమ్మ పెట్టినా ఒకేలా వస్తుంది, నీడలు ఉండవు, నేపథ్యం తెల్లగా ఉంటుంది. యాభై రకాల బొమ్మల్ని ఒకే పేజీలో పెట్టాలంటే ఆ ఒకేలా రావడమే ముఖ్యం. ఇత్తడికైతే చుట్టూ తెలుపు ఉండటం కలిసొస్తుంది కూడా. అవతలి వర్గం అనేది: అన్ని వైపుల నుంచీ వెలుగు వస్తే బొమ్మకి ఆకారమే మిగలదు, చెక్కడం చూపించని ఫోటో బొమ్మని చూపించినట్టా? నేను రెండో మాట వైపు మొగ్గుతాను. మట్టి, చెక్క బొమ్మల ధర వాటి చేతిపనిలో ఉంది, అది నీడలోనే తెలుస్తుంది. అయితే లైట్ బాక్సులో ఒక పక్క గోడకి లోపల నల్ల చార్టు అంటిస్తే ఈ తగాదా సగం తీరిపోతుంది.

సాఫ్ట్ లైటే మంచిదన్న నమ్మకం కూడా ఎప్పుడూ నిజం కాదు. బొమ్మల్ని నిజమైన దృశ్యంలా తీసేవాళ్ళు, అంటే ఎడ్లబండి బొమ్మని పొలం గట్టు మీద వెళుతున్నట్టు చూపించాలనుకునేవాళ్ళు, కావాలనే హార్డ్ లైట్ వాడతారు. నిజమైన బండి మీద పడేది ఎండ, దాని నీడ పదునుగా ఉంటుంది. చిన్న బొమ్మ మీద పెద్ద మెత్తటి వెలుగు పడితే అది బల్ల మీది బొమ్మ అని కన్ను వెంటనే పసిగడుతుంది. ఇంకో సూక్ష్మం: ఎండ కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి, రెండు ఎడ్ల నీడలు ఒకే వైపు వాలతాయి. బల్బుని 30 సెం.మీ. దగ్గర పెడితే ఒక ఎద్దు నీడ ఇటు, ఇంకోదాని నీడ అటు విచ్చుకుంటాయి. ఎవరూ దాన్ని గమనించి చెప్పరు గానీ ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. గదికి అవతలి మూల, రెండు మూడు మీటర్ల దూరంలో ఒక చిన్న పదునైన దీపం పెడితే నీడలు సర్దుకుంటాయి. వెలుగు బాగా తగ్గుతుంది, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే సరి.

ఎల్‌ఈడీనా, ఫ్లాషా అన్న తగాదా బొమ్మల విషయంలో చిన్నది. ఫ్లాష్ బలం కదిలేవాటిని ఆపడంలో ఉంది, ఆ అవసరం ఇక్కడ లేదు. వెలిగే దీపమైతే నీడ ఎక్కడ పడుతోందో కంటితో చూస్తూ సర్దుకోవచ్చు. చవక ఎల్‌ఈడీలకి ఒక దోషం ఉంది: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అవి సెకనుకి వంద సార్లు మిణుకుతాయి, వేగంగా తీస్తే ఫోటోలో అడ్డ చారలు పడతాయి. షట్టర్ 1/50, 1/100 సెకను దగ్గర ఉంటే, లేదా ఇంకా నెమ్మదిగా ఉంటే, ఆ చారలు పోతాయి.

ఫోను తనంతట తాను చేసే మార్పులు

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా ఫోన్లో తీసిన ఫోటో చప్పగా వస్తే అనుమానించాల్సింది హెచ్‌డీఆర్‌ని. ఇప్పటి ఫోన్లు ఒక ఫోటో కోసం వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతాయి. కలిపేటప్పుడు నీడల్ని లేపుతాయి, మెరుపుల్ని తగ్గిస్తాయి. ఎండలో నిలబడ్డ మనిషి ముఖం కనిపించడానికి ఇది గొప్ప సాయం. పక్క నుంచి దీపం పెట్టి, నల్ల చార్టు నిలబెట్టి, మనం కష్టపడి తెచ్చుకున్న నీడని కూడా అదే ఊపులో తుడిచేస్తుంది. సెట్టింగులన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉన్న ఫోన్లలో ఈ కలపడం తగ్గుతుంది. అది లేకపోతే బొమ్మ మీద నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే నీడ కొంత తిరిగొస్తుంది.

ఫోనుని బొమ్మకి మరీ దగ్గరగా తీసుకెళ్ళినా వెలుగు చెడుతుంది. 10 సెం.మీ. దూరంలో ఫోను అంటే బొమ్మ ముందు ఒక నల్ల గోడ ఉన్నట్టే. కిటికీ వెలుగుకి అది అడ్డొస్తుంది, లక్క బొమ్మ పొట్ట మీద ఫోనూ పట్టుకున్న వేళ్ళూ కనిపిస్తాయి, వైడ్ లెన్సు వల్ల గిత్త తల ఒంటికంటే పెద్దదవుతుంది. అరమీటరు వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సుతో తీస్తే మూడూ ఒకేసారి పోతాయి. ఇక పోర్ట్రెయిట్ మోడ్ బొమ్మ అంచుని అంచనా వేసి వెనకదాన్ని మసక చేస్తుంది కాబట్టి కొమ్ము కొనలు, తోక చివర, పల్చటి చెవులు తరచు ఆ మసకలో కలిసిపోతాయి. బొమ్మకీ గోడకీ మధ్య దూరం పెంచితే ఆ మోడ్ లేకుండానే గోడ కొంత మసకబారుతుంది, కొమ్ములు పూర్తిగా మిగులుతాయి.